అడిగితే కాదనేవారా?

ముప్పై ఒకటో ఏట కన్నుమూసిన ఓ పేదింటి ఇల్లాలు. ఆమె ఒంట్లోంచి తీసిన కణాలు మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటివల్ల ఎన్నో మందులొచ్చాయి, టీకాలొచ్చాయి. కానీ ఆ కణాల్లో ఆమె రహస్యాలే కాదు, ఆమె బిడ్డలవీ, మనవలవీ కూడా దాగున్నాయి. ఆ రహస్యాలను లోకానికి పంచాలా, దాచాలా? అరవై ఏళ్లు ఆ కుటుంబాన్ని ఎవరూ అడగని ఈ ప్రశ్నను చివరికి అడిగారు. ఆ కథే ఇది.

హెన్రిటా లాక్స్ పేరు వైద్య పరిశోధన చేసే ప్రతివారికీ తెలుసు. ఆమె బతికుండగా మాత్రం ఆ పేరు అయినవాళ్లకు, ఇరుగుపొరుగుకు తప్ప ఎవరికీ తెలియదు.

పొగాకు చేలల్లో బాల్యం

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, రోనోక్ అనే ఊళ్లో 1920 ఆగస్టు 1న పుట్టిందామె. నల్లజాతి కుటుంబం. పెట్టిన పేరు లోరెట్టా. ఎలా మారిందో ఏమో, అందరూ హెన్రిటా అనే పిలిచేవారు. నాలుగేళ్ల వయసులో తల్లి పోయింది. పదో కాన్పులో ప్రాణం పోగొట్టుకుందా తల్లి. పదిమంది పిల్లల్ని ఒక్కడూ సాకలేక తండ్రి వాళ్లను సొంతూరు క్లోవర్‌కు తీసుకెళ్లి బంధువుల ఇళ్లలో తలా ఒకరి దగ్గరా వదిలాడు. హెన్రిటా తాత పంచన చేరింది. ఆ చెక్క ఇల్లు ఒకప్పుడు బానిసలు ఉన్న ఇల్లు.

తెల్లవారకముందే లేవడం, పశువులకు మేత వేయడం, పొగాకు చేలో పని. చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. అదే తాత దగ్గర మరో మనవడు డేవిడ్ కూడా పెరిగాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి పెద్దయ్యారు. పద్నాలుగేళ్లకే హెన్రిటా తల్లయింది. రెండో సంతానం ఎల్సీ. చూడ ముచ్చటైన పిల్ల, కానీ మాట రాలేదు, మనసు ఎదగలేదు. 1941 ఏప్రిల్‌లో హెన్రిటా, డేవిడ్ పెళ్లి చేసుకున్నారు.

పొగాకు పనిలో పూట గడవని రోజులవి. బాల్టిమోర్ నగరం దగ్గర ఉక్కు కర్మాగారంలో పని దొరుకుతోందని విని డేవిడ్ అక్కడికి వెళ్లాడు. తర్వాత భార్యాబిడ్డల్ని తీసుకెళ్లాడు. టర్నర్ స్టేషన్ అనే కార్మికుల పేటలో కాపురం. ఊరి నుంచి పని వెతుక్కుంటూ ఎవరు వచ్చినా హెన్రిటా ఇంట్లోనే మకాం. వాళ్లందరికీ ఆమే వండి పెట్టేది. ఉన్నంతలో చక్కగా ముస్తాబయ్యేది. గోళ్లకు ఎర్రరంగు వేసుకోవడమంటే మహా ఇష్టం. ఈ గోళ్లరంగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మరో ముగ్గురు పిల్లలు పుట్టారు. ఎల్సీని ఇంట్లో చూసుకోవడం కష్టమై ఒక ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. ఆ తల్లికి అదొక తీరని దిగులు.

చిన్న ముక్క... పెద్ద కథ

1950లో ఐదో బిడ్డ పుట్టాక కొద్ది నెలలకే అసలు కష్టం మొదలైంది. పొత్తికడుపులో ఏదో ముడిలా ఉందని హెన్రిటా అంతకుముందే దగ్గరివాళ్లతో అంటుండేది. ఇప్పుడు రక్తస్రావం కూడా మొదలైంది. 1951 జనవరి 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి వెళ్లింది. నల్లవాళ్లకు వైద్యం చేసే ఆస్పత్రులు అప్పట్లో తక్కువ. అక్కడ కూడా వాళ్లకు వేరే వార్డులే.

పరీక్షిస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. రేడియం పెట్టి చికిత్స చేయడం ఆ రోజుల్లో పద్ధతి. మత్తుమందు ఇచ్చి ఆ పని మొదలుపెట్టే ముందు డాక్టర్ రెండు చిన్న ముక్కలు కోసి తీశాడు. ఒకటి గడ్డ నుంచి, ఇంకొకటి ఆరోగ్యంగా ఉన్న భాగం నుంచి. ఈ ముక్కలు పరిశోధనకు తీసుకుంటున్నామని ఆమెకు చెప్పలేదు, అడగలేదు. అడగాలన్న నియమం ఆ రోజుల్లో లేదు. ధర్మాస్పత్రి రోగులు కదా, వాళ్ల ఒంటి నుంచి తీసుకుంటే తప్పేముందని అనుకునే కాలం.

ఆ ముక్కలు అదే ఆస్పత్రిలో జార్జ్ గై అనే శాస్త్రవేత్త ప్రయోగశాలకు చేరాయి. మనిషి కణాలను ఒంటి బయట బతికించాలని ఆయన ఎన్నో ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాడు. ఏవి పెట్టినా కొద్దిరోజుల్లో చచ్చిపోయేవి. అందుకే మేరీ కుబిసెక్ అనే సహాయకురాలు ఈ ముక్కల మీదా పెద్దగా ఆశ పెట్టుకోలేదు. గాజు గొట్టం మీద హెన్రిటా పేరు, ఇంటిపేరు మొదటి అక్షరాలు కలిపి హీలా అని రాసింది. మామూలు కణాలు చనిపోయాయి. క్యాన్సర్ కణాలు మాత్రం ఇరవై నాలుగు గంటలకు రెట్టింపయ్యాయి. మర్నాడు మళ్లీ రెట్టింపు. ఆగలేదు. ఒంటి బయట అలా ఎంతకాలమైనా పెరుగుతూ పోయే మనిషి కణాలు దొరకడం అదే మొదటిసారి.

గొట్టాల్లో కణాలు పెరుగుతుంటే, ఒంట్లో జబ్బూ పెరుగుతోంది. ఆగస్టులో మళ్లీ ఆస్పత్రిలో చేరిన హెన్రిటా ఇక ఇంటికి రాలేదు. భర్త పిల్లల్ని తీసుకొచ్చి ఆస్పత్రి బయట గడ్డిలో ఆడిస్తుంటే, పై అంతస్తు కిటికీలోంచి చూసేది. 1951 అక్టోబరు 4న కన్నుమూసింది. చిన్నవాడికి ఏడాది వయసు, కూతురు డెబోరాకు రెండేళ్లు నిండలేదు.

శవపరీక్షకు భర్త మొదట ఒప్పుకోలేదు. పిల్లలకు ఎప్పటికైనా ఉపయోగపడే పరీక్షలు చేస్తామన్నారని తర్వాత సరేనన్నాడు. ఆ పరీక్ష దగ్గర మేరీ కుబిసెక్ కూడా ఉంది. హెన్రిటా కాలిగోళ్ల మీద చెదిరిపోయిన ఎర్రరంగు ఆమె కంటపడింది. అప్పటిదాకా గొట్టంలో కణాలుగానే చూసినవి ఒక మనిషివని, గోళ్లకు ఓపిగ్గా రంగు వేసుకున్న ఓ ఆడమనిషివని ఆమెకు ఒక్కసారిగా గుండెకు తగిలింది. క్లోవర్‌లో హెన్రిటాను పూడ్చిన చోట రాయి కూడా పెట్టలేదు.

ఇంట్లోవాళ్లకే తెలియదు

జార్జ్ గై ఆ కణాలను అమ్ముకోలేదు. అడిగిన శాస్త్రవేత్తకల్లా ఉచితంగా పంపాడు. అప్పట్లో పోలియో పిల్లల్ని కుంటివాళ్లను చేస్తోంది. సాక్ టీకా పనిచేస్తుందో లేదో తేల్చడానికి కోట్లకొద్దీ కణాలు కావాలి. హీలా కణాలు ఆ పనికి సరిగ్గా సరిపోయాయి. అలబామా రాష్ట్రంలోని టస్కెగీ విద్యాసంస్థలో వాటిని పెంచడానికి ఒక కేంద్రమే పెట్టారు. వారానికి సుమారు 20,000 గొట్టాలు అక్కడి నుంచి వెళ్లేవి. పనిచేసినవాళ్లు ఎక్కువమంది నల్లజాతి వాళ్లే, ఆడవాళ్లే.

అక్కడితో ఆగలేదు. క్యాన్సర్ మందుల పరీక్షలకు, వైరస్‌ల అధ్యయనానికి, అంతరిక్ష ప్రయోగాలకు కూడా ఆ కణాలే. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ 1980లలో ఈ కణాల్లోనే పాపిలోమా వైరస్ 18వ రకాన్ని గుర్తించాడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం ఆ జాతి వైరస్‌లేనని తేల్చినందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు మన ఆడపిల్లలకు వేయిస్తున్న హెచ్‌పీవీ టీకా ఆ దారిలో వచ్చిందే. ఏ జబ్బుతో హెన్రిటా పోయిందో, ఆ జబ్బును రాకుండా ఆపే టీకాకు ఆమె కణాలే తోడ్పడ్డాయి.

కాలక్రమంలో కంపెనీలు ఆ కణాలను పెంచి అమ్మసాగాయి. ఇక్కడ మాత్రం పిల్లలు తల్లిలేక నానా అగచాట్లూ పడ్డారు. ఎల్సీ 1955లో, పదిహేనేళ్లకే ఆస్పత్రిలో చనిపోయింది. మిగిలినవాళ్లు పెద్దయ్యాక కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే డబ్బు చూసుకోవాల్సిన పరిస్థితే. తల్లి కణాలతో తయారైన వైద్యం తమకే అందని బతుకు.

అసలు ఆ కణాలు హెన్రిటా లాక్స్‌వని లోకానికీ సరిగ్గా తెలియదు. హెలెన్ లేన్ అని మారుపేరు ప్రచారంలో ఉంది. 1973లో పెద్ద కోడలు ఒక స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్లింది. అక్కడ కలిసిన ఒకాయన జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తున్నాడు. ఈవిడ ఇంటిపేరు విని, తాను లాక్స్ అనే ఆవిడ కణాలతోనే పనిచేస్తున్నానని చెప్పాడు. చనిపోయి ఇరవై రెండేళ్లయిన అత్తగారి కణాలు ఇంకా బతికున్నాయా అని ఆ కోడలు నిర్ఘాంతపోయింది.

కణం నుంచి కుటుంబం దాకా

ఇక్కడి నుంచి కథ ఒక్క హెన్రిటాది కాదు, కుటుంబం మొత్తానిది.

హీలా కణాలు ఎంత బలమైనవంటే, పొరపాటున ఒక్కటి పడితే చాలు, పక్క గొట్టంలో కణాలను తోసేసి తామే పెరిగిపోయేవి. ఏవి హీలా, ఏవి కావు అని తేల్చుకోలేక శాస్త్రవేత్తలు తికమకపడ్డారు. కుటుంబసభ్యుల రక్తం పరీక్షిస్తే హెన్రిటా జన్యువుల ఆనవాళ్లు దొరుకుతాయని 1973లో వాళ్ల ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు. ఎందుకో అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. తల్లికి వచ్చిన క్యాన్సర్ తమకూ ఉందేమో చూస్తున్నారని పిల్లలు అనుకున్నారు. తల్లి పోయిన వయసు దగ్గరపడుతున్న డెబోరా ఫలితం కోసం ఎదురుచూసింది. ఏ ఫలితమూ రాలేదు. ఆ రక్తం నుంచి తెలుసుకున్న జన్యు వివరాలు మాత్రం 1976లో అచ్చయ్యాయి. 1985లో వచ్చిన ఒక పుస్తకంలో హెన్రిటా ఆస్పత్రి రికార్డులోని సంగతులు కూడా అచ్చయ్యాయి. అప్పుడూ ఇంట్లోవాళ్లను అడగలేదు.

2010లో రెబెక్కా స్క్లూట్ రాసిన పుస్తకంతో హెన్రిటా కథ ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాదే ఆమె సమాధికి రాయి పెట్టారు. తల్లి గురించి తెలుసుకోవాలని జీవితమంతా తపించిన డెబోరా అది చూడకుండానే 2009లో పోయింది.

ఇంత జరిగాక కూడా 2013 మార్చిలో మరో దెబ్బ. జర్మనీలో ఒక పరిశోధన బృందం హీలా కణాల జీనోమ్ మొత్తం చదివి, ఎవరైనా చూసుకునేలా బహిరంగంగా పెట్టేసింది.

జీనోమ్ అంటే ఏమిటి? మన ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. దాదాపు మూడు వందల కోట్ల అక్షరాల పుస్తకం అనుకోండి. కంటి రంగు దగ్గర్నుంచి, ఏ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ ఉందో దాకా ఎన్నో సంగతులు అందులో రాసి ఉంటాయి. ఈ పుస్తకం ఒక్కరి సొంతం కాదు. అందులో సగం బిడ్డకు వస్తుంది, సుమారు పావువంతు మనవరాలికి. క్యాన్సర్ వల్ల హీలా కణాల్లో చాలా మార్పులు వచ్చినా, హెన్రిటాకు పుట్టుకతో వచ్చిన రాతలో చాలా భాగం అందులో చదవొచ్చు. అంటే ఆమె పుస్తకం తెరిస్తే మనవల పుస్తకాల్లో కొన్ని పేజీలు తెరిచినట్టే.

పేరు తీసేస్తే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. హీలా అన్న మాటలోనే పేరు ఉందిగా! అసలు పేరు లేకపోయినా లాభం లేదు. అదే 2013 జనవరిలో శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి చూపించారు. పేర్లు తీసేసి ఉంచిన జన్యు వివరాలను, వంశవృక్షాల కోసం జనం బహిరంగంగా పెట్టుకున్న సమాచారంతో పోల్చి కొందరి ఇంటిపేర్లు పట్టేశారు. అక్కడి నుంచి మనుషుల్నీ గుర్తుపట్టారు. ఇలాంటి వివరాలు బయటపడితే బీమా ఇచ్చేవాళ్లు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు, సంబంధం కలుపుకునేవాళ్లు ఎలా చూస్తారో అన్న బెంగ ఎవరికైనా ఉంటుంది. అమెరికాలో 2008లో చేసిన చట్టం ఆరోగ్య బీమాకు, ఉద్యోగానికి రక్షణ ఇచ్చింది గానీ జీవిత బీమాకు ఇవ్వలేదు.

తాళమూ ఉంది, తలుపూ ఉంది

కుటుంబం అభ్యంతరం చెప్పగానే జర్మనీ బృందం ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా హీలా జీనోమ్ చదివారు. ఇప్పుడేం చేయాలి? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధిపతి ఫ్రాన్సిస్ కాలిన్స్ బాల్టిమోర్ వచ్చి లాక్స్ కుటుంబంతో కూర్చున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. జీనోమ్ అంటే ఏమిటో, అందులో ఏముంటుందో, దానివల్ల మేలేమిటో, ముప్పేమిటో అన్నీ వివరించారు. అరవై రెండేళ్లలో ఆ కుటుంబానికి ఎవరైనా ఇంత ఓపిగ్గా చెప్పడం అదే మొదటిసారి అనాలి.

వాళ్ల ముందు మూడు దారులు పెట్టారు. అందరికీ తెరిచిపెట్టడం ఒకటి. ఎవరికీ ఇవ్వకుండా మూసేయడం ఒకటి. అడిగినవాళ్లు ఎవరో, ఎందుకో చూసి ఇవ్వడం మూడోది.

ఇంత అన్యాయం జరిగిన కుటుంబం మూసేయమని ఉంటే ఎవరు తప్పుపడతారు? అయినా వాళ్లు అలా అనలేదు. నలుగురికీ మేలు జరిగే పనికి అడ్డుపడకూడదనుకున్నారు. పిల్లల భవిష్యత్తూ కాపాడుకోవాలనుకున్నారు. మూడో దారి ఎంచుకున్నారు. 2013 ఆగస్టు 7న ఆ ఒప్పందం ప్రకటించారు.

దాని ప్రకారం హీలా జీనోమ్ సమాచారం జాతీయ ఆరోగ్య సంస్థల భద్రమైన భాండాగారంలో ఉంటుంది. కావలసిన శాస్త్రవేత్త దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ పరిశోధనకో చెప్పాలి. ఆరోగ్యానికి సంబంధించిన పనే అయి ఉండాలి. వంశం, జాతి మూలాలు తవ్వడానికి ఇవ్వరు. వ్యాపార ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. కుటుంబసభ్యులను కలవడానికి ప్రయత్నించకూడదు. తీసుకున్న సమాచారం వేరేవాళ్ల చేతికి ఇవ్వకూడదు. పరిశోధన ఫలితాలు అచ్చయినప్పుడు హెన్రిటాకు, ఆమె కుటుంబానికి కృతజ్ఞత చెప్పాలి. దరఖాస్తులు చూసే బృందంలో శాస్త్రవేత్తలతోపాటు లాక్స్ కుటుంబం నుంచి ఇద్దరికి చోటిచ్చారు. అమ్మమ్మ, నాన్నమ్మల కణాల గురించి నిర్ణయించే బల్ల దగ్గర మనవల తరానికి కుర్చీ దొరికింది.

వాషింగ్టన్ వాళ్ల పరిశోధన కుటుంబం అనుమతితోనే ఆ ఆగస్టులో వెలువడింది. హీలా కణాలు ఎందుకంత విపరీతంగా పెరుగుతాయో అందులో తెలిసింది. పాపిలోమా వైరస్ తన డీఎన్‌ఏను హెన్రిటా కణంలో క్యాన్సర్‌ను రెచ్చగొట్టే ఒక జన్యువు దగ్గర దూర్చేసి, దాన్ని మేల్కొలిపిందట. హెన్రిటాను అంత త్వరగా పొట్టన పెట్టుకున్న జబ్బు గుట్టు అలా బయటపడింది. అడిగి తీసుకున్నా సైన్సు ఆగదని అప్పుడే రుజువైంది.

ఈ తాళం పూర్తిగా గట్టిదని చెప్పలేం. హీలా కణాలు ప్రపంచమంతటా ఉన్నాయి కాబట్టి ఎవరైనా మళ్లీ జీనోమ్ చదవగలరు. ప్రభుత్వ నిధులు తీసుకునే శాస్త్రవేత్తలకు నియమం తప్పనిసరి, మిగతావాళ్లకు విజ్ఞప్తి మాత్రమే. ఆ ఒప్పందంలో డబ్బు ప్రసక్తి కూడా లేదు. ఆ కణాలతో లాభపడిందంటూ ఒక పెద్ద కంపెనీ మీద కుటుంబం 2021 అక్టోబరు 4న దావా వేసింది. సరిగ్గా హెన్రిటా పోయి డెబ్బై ఏళ్లయిన రోజది. 2023లో రాజీ కుదిరింది. షరతులు బయటపెట్టలేదు. ఆ వార్త వెలువడింది ఆగస్టు 1న, ఆమె పుట్టినరోజున.

మన దగ్గర

ఒక్కరి జీనోమ్‌తో డాక్టర్లకు తెలిసేది కొంతే. వేలమందివి పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ అక్షరం మారితే ఏ జబ్బు వస్తుందో తేలుతుంది. అందుకే పంచుకోవడం అవసరం. మన దేశంలో జీనోమ్ ఇండియా పేరుతో 10,000 మంది జీనోమ్‌లు చదివారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ కూడా అందులో పాలుపంచుకుంది. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అదీ బహిరంగంగా కాదు, ఫరీదాబాద్‌లోని జాతీయ భాండాగారం ద్వారా, దరఖాస్తు చూసి, నియమాలకు కట్టుబడతామన్నవాళ్లకే. హెన్రిటా మనవలు ఎంచుకున్న దారి లాంటిదే అది.

తాళం ఒక్కటే సరిపోదు, ముందు అడగాలి కూడా. ఈ పాఠం మనకూ కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు హాస్టళ్లలో ఉన్న ఎందరో గిరిజన బాలికల బదులు వార్డెన్లే అనుమతి పత్రాల మీద సంతకాలు చేశారు. పెద్ద దుమారం రేగి 2010లో అది ఆగిపోయింది. అక్కడ తప్పు టీకాది కాదు, అమ్మానాన్నలకు చెప్పకపోవడంలో ఉంది. అడగకుండా చేస్తే మంచి పని మీద కూడా జనానికి నమ్మకం పోతుంది. ఆ నమ్మకం మళ్లీ కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది.

హెన్రిటాను ఆ రోజు అడిగి ఉంటే ఏమనేదో! ఊరి నుంచి ఎవరొచ్చినా వండిపెట్టిన మనిషి. బహుశా కాదనేది కాదేమో. ఆమె మనవలు కాదనలేదు మరి.

సంతకం పెట్టే ముందు

ఆస్పత్రిలోగానీ, ఇంటికొచ్చిగానీ పరిశోధన కోసం రక్తం, లాలాజలం అడిగితే భయపడక్కర్లేదు. ఇవి మాత్రం అడిగి తెలుసుకోండి.

* ఇది నా వైద్యం కోసమా, పరిశోధన కోసమా? ఇవ్వకపోతే నా వైద్యం ఆగుతుందా?

* నా జన్యు వివరాలు ఎక్కడ ఉంచుతారు? ఎవరు చూస్తారు? ఇతర సంస్థలకు, కంపెనీలకు ఇస్తారా?

* పేరు తీసేస్తారా? తీసేసినా గుర్తుపట్టకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారు?

* నా ఆరోగ్యానికి సంబంధించిన విషయమేదైనా బయటపడితే నాకు చెబుతారా?

* తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా? అప్పటికే పంచిన సమాచారం సంగతేమిటి?

* పత్రం తెలుగులో ఉందా? లేకపోతే చదివి వినిపించమనండి. ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.

ఇంట్లో వాళ్లతోనూ ఒక మాట చెప్పండి. ఆ పుస్తకంలో వాళ్ల పేజీలూ ఉన్నాయి కదా!